గ్రుడ్డి వర్తకురాలి యెదుట

ధ్యానభాగములు: లేవీయకాండము 19:14, మత్తయి 6:1–4



గడచిన క్రిస్మసు దినములలో మా సహోదరి కుమారుడు పట్టణమునుండి మా యింటికి వచ్చి, తన కంప్యూటరుమీద ఒక పాత ఆట ఆడుచుండెను. కత్తులు, మంత్రములు, రాక్షసులు గల ఆట. అంతకు రెండు వారముల ముందే సంఘపు పెద్దలిద్దరు మమ్మును కలిసి, మన పిల్లలు ఇట్టి ఆటలలో పడి పాఠములు మరచుచున్నారనియు, ప్రసంగపీఠమునుండి గట్టిగా ఖండింపవలెననియు కోరియుండిరి. మేమును సిద్ధముగానే యుంటిమి. "మామయ్యా, తిట్టే ముందు ఒక్కసారి చూడండి" అని అతడనగా కాదనలేక ప్రక్కన కూర్చుంటిమి. ఆ కూర్చుండుట మూడు సాయంకాలములాయెను. అయ్యగారు కంప్యూటరు ముందు కూర్చున్నారని వీధిలో కొందరు నవ్విరి. నవ్వుదురు గాక.

ఆ ఆట పేరు అల్టిమా. మేము చూచినది ఆ వరుసలో నాలుగవది, 1985లో అమెరికాలో వెలువడినది. దీనిని చేసిన రిచర్డ్ గారియట్, అంతరిక్షయాత్ర చేసిన ఓవెన్ గారియట్‌గారి కుమారుడు. బడిలో చదువుచున్న నాడే ఇట్టి ఆటలు వ్రాయ నారంభించెను. ఇండ్లలో పెట్టుకొను ఆపిల్ 2, కమొడోర్ 64 మొదలగు చిన్న యంత్రములమీద వీటిని ఆడెడివారు. మొదటి మూడింటిలో ఒక దుష్టశక్తిని నాశనము చేయుటయే గురి. దారిలో అంగళ్లు దోచినను, నిరపరాధులను నరికినను, తుదకు గెలిచినవాడు వీరుడే.

1983లో వచ్చిన మూడవ ఆట పెట్టెమీద దయ్యపు బొమ్మ యుండెను. ఆ కాలమున అమెరికా క్రైస్తవులలో అనేకులు ఇట్టి ఆటలు సాతాను సంబంధమైనవని భయపడిరి. గారియట్‌కు కోపముతో ఉత్తరములు వ్రాసినవారును కలరు. తన ఆటను జనులు ఎట్లు ఆడుచున్నారో, ఎట్లు తలంచుచున్నారో అతడు ఆలోచించి, నాలుగవదానిని వేరు విధముగా కట్టెను. ఇందు చివరను చంపవలసిన మహాదుష్టుడు లేడు. యథార్థత, కనికరము, శౌర్యము, న్యాయము, త్యాగము, గౌరవము, ఆత్మీయత, దీనత్వము అను ఎనిమిది గుణములలో పరిపూర్ణుడగుటయే గురి. అట్టివానికి 'అవతార్' అని పేరు పెట్టెను. మాట మన దేశముదే గాని, మన హైందవ సోదరులు చెప్పుకొను అర్థము వేరు. ఇచ్చట అది ఇతరులకు మాదిరియైన మనుష్యుడని అర్థము.

ఆ ఆటలో మంత్రములకు కావలసిన మూలికలు అమ్ము స్త్రీ యొకతె కలదు. ఆమె గ్రుడ్డిది. వెల చెప్పును, ఎంత ఇచ్చెదవో నీవే అంకె వేయవలెను. తక్కువ వేసినను సరకు నీ సంచిలోనికి వచ్చును. ఆమె సణుగదు, గద్దింపదు. అయితే యంత్రము లోపల, కంటికి కనబడని చోట, నీ యథార్థత లెక్క తగ్గిపోవును. తరువాత ఎప్పుడో కోటలోని జ్ఞానిని అడిగినప్పుడే నీ స్థితి నీకు తెలియును. "మొదటిసారి ఆడినప్పుడు గుడ్డిదే గదా అని మోసం చేశాను మామయ్యా" అని మా మేనల్లుడు చెప్పెను. అతడు నవ్వుచునే చెప్పెను గాని, మాకు లేవీయకాండము జ్ఞాపకమునకు వచ్చెను. చెవిటివాడు తిట్టు వినలేడు, గ్రుడ్డివాడు అడ్డమును చూడలేడు. వారికి కీడు చేయుట బహు సుళువు. అందుచేతనే ఆ ఆజ్ఞ దేవుని భయమును జ్ఞాపకము చేయుచున్నది. మన సంతలో ముల్లు చూడలేని ముసలివారికి తూనికలో తగ్గించువారు ఈ ఆటను ఆడినవారు కారు.

ఇంతవరకు మేము ఆ ఆటను మెచ్చుకొనుచుంటిమి. మూడవ సాయంకాలము మేమే ఆడితిమి. వీధిలో ఒక బిచ్చగాడు అడుగగా నాణెము లిచ్చితిమి. "కనికరం పెరుగుతుంది మామయ్యా. ఒక్క నాణెం ఇచ్చినా చాలు, కాసేపు తిరిగి వచ్చి మళ్లీ ఒకటి ఇవ్వండి" అని అతడు నేర్పెను. అట్లే చేసితిమి. నాలుగవమారు ఆ బిచ్చగాని ముఖమును మేము చూచుటలేదు; లెక్కనే చూచుచుంటిమి. దీనత్వమునకు కూడ అట్లే లెక్క కలదు. ఒకరు అడిగినప్పుడు గొప్పలు చెప్పుకొన్నచో అది తగ్గును. కనుక అతడు తగ్గింపుగల జవాబును కంఠస్థము చేసియుండెను. లూకా 18లోని పరిసయ్యునికి ఈ యుపాయము తెలిసియున్న యెడల, సుంకరి ప్రార్థననే వల్లించియుండునేమో!

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. గత కోతల పండుగ కన్నులయెదుట నిలిచెను. రెండు బస్తాల వడ్లిచ్చినవారి పేర్లు మేమే బిగ్గరగా చదివితిమి, సంఘము చప్పట్లు కొట్టెను. గట్లమీద పండిన కందులు సోలెడు కొంగున కట్టి తెచ్చిన ఒక విధవరాలు, చీటీ చేత పట్టగానే లేచి వెళ్లిపోయెను. ఏల వెళ్లెనో మేము విచారింపలేదు. ఈ జనవరిలో ఆమె గుమ్మమునకు పోయి అడిగితిమి. "నా సోలెడు చదివితే నవ్వుతారు అయ్యగారూ, చదవకపోతే ఏమీ తేలేదంటారు" అనెను. మేము ఆ గుమ్మముననే చాలసేపు నిలిచితిమి. చీటీ వ్రాసినదెవరు? మేమే గదా.

పెద్దలు కోరిన ఖండన ప్రసంగము మేము చేయలేము. పిల్లలు రాత్రి తెల్లవార్లు ఆడవచ్చునని మా మాట కాదు. దాని సంగతి తలిదండ్రులు చూడవలెను. ఇట్టి ఆటలలో అధికభాగము నేటికిని నరుకుట, దోచుటయే అని మేనల్లుడే ఒప్పుకొనెను.

కోతల పండుగకు ఇంక మూడు వారములున్నవి. పేర్ల చీటీ ఎప్పుడని కోశాధికారిగారు రెండుమారులు అడిగిరి. చదువనిచో ఇచ్చువారు తగ్గుదురని ఆయన భయము. ఆ భయము మాకును లేకపోలేదు. మందిరపు కప్పు సగమే పడియున్నది. వచ్చు ఆదివారము ఆరాధన పిమ్మట పెద్దలు, కోశాధికారిగారు పాదిరియింట కూడుకొనవలెనని కోరుచున్నాము. ఆ తల్లిని కూడ రమ్మని పిలిచితిమి. కందులు ఎండబెట్టుకొని వచ్చెదనని చెప్పినది.