బి2 బంటు: నిత్యమా, బహుళమా?

చదరంగం నేర్చుకునే పిల్లలకు మొదట్లోనే చెప్పే మాటల్లో ఒకటి: మంత్రిని తొందరపడి బయటికి తీయకు, తీసినా బి2లో ఉన్న బంటు జోలికి పోకు. ఆ బంటును తినడానికి వెళ్లిన మంత్రి తిరిగి ఇల్లు చేరేలోపు ఎదుటివాడి సైన్యమంతా బరిలోకి దిగిపోతుంది. ఈ మాట తప్పని ఎవరూ అనరు. అయినా ఆ మాట తెలిసి తెలిసీ, ఎనిమిదో ఎత్తులోనే ఆ బంటును తినే నల్లపావుల పద్ధతి ఒకటి అరవై ఏళ్లకు పైగా గ్రాండ్‌మాస్టర్ల ఆటలో నిలిచి ఉంది. సిసిలియన్ డిఫెన్స్‌లో నైడార్ఫ్ శాఖ, అందులో విషపు బంటు అనే ఉపశాఖ. పోలండ్‌లో పుట్టి, 1939 ఒలింపియాడ్ కోసం బ్యూనస్ ఐరిస్ వెళ్లి, యుద్ధం మొదలవడంతో అర్జెంటీనాలోనే ఉండిపోయిన మిగెల్ నైడార్ఫ్ పేరు మీద ఆ శాఖ వెలిసింది. ఇక్కడ పూర్వపక్షి మాటలకు జవాబు చెబుతూ నేను నిలబెట్టదలచిన వాదం ఒక్కటే. ఆ బంటును తినడం సూత్రాన్ని ధిక్కరించడం కాదు, సూత్రం ఏ మేరకు వర్తిస్తుందో తేల్చమని అడగడం.

ముందు బల్ల మీది సంగతి చూద్దాం. తెల్లపక్షం ఇ4, నల్లపక్షం సి5. తెల్లగుర్రం ఎఫ్3కి, డి6. డి4, బంట్ల మార్పిడి, ఆ గుర్రమే డి4కి. నల్లగుర్రం ఎఫ్6, తెల్లగుర్రం సి3, ఆపైన నైడార్ఫ్ గుర్తు అయిన ఎ6. ఆరో ఎత్తున తెల్లశకటు జి5కి వస్తుంది, నల్లపక్షం ఇ6. ఏడున ఎఫ్4, మంత్రి బి6కి. ఎనిమిదిన తెల్లమంత్రి డి2కి, నల్లమంత్రి బి2లో బంటును తింటుంది. తొమ్మిదో ఎత్తున ఏనుగు బి1కి వచ్చి తరిమితే మంత్రి ఎ3కి జరుగుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. తెల్లపక్షానికి రెండు గుర్రాలు, ఒక శకటు, మంత్రి, ఒక ఏనుగు పనిలోకి దిగాయి. నల్లపక్షానికి బయట ఉన్నది ఒక గుర్రం, శత్రువు ఇంటి మూలన ఒంటరిగా నిలిచిన మంత్రి, అంతే.

“మీరే లెక్క చెప్పారు. ఆ లెక్క ప్రకారం నల్లపక్షం ఒక బంటు కోసం మూడు ఎత్తులు పారబోసుకుంది. ఇది దురాశ కాకపోతే మరేమిటి?” అని పూర్వపక్షి అడుగుతాడు.

పోగొట్టుకున్నది సరిగ్గానే లెక్కపెట్టారు, సంపాదించింది మాత్రం లెక్కలోకి రాలేదు. తెల్లశకటు సి1ని వదిలి జి5కి వెళ్లిన క్షణమే బి2 బంటుకు కాపలా పోయింది. అంటే ఈ అవకాశాన్ని నల్లపక్షం లేనిచోట పుట్టించలేదు, తెల్లపక్షం దాడి కోసం తానే వదిలింది. ఇక తెల్లపక్షం పథకం ఏమిటి? శకటు జి5, బంటు ఎఫ్4 అయ్యాక సహజమైన దారి మంత్రి వైపు కాస్లింగ్ చేసి, రాజును అటు దాచుకుని, ఇటువైపు బంట్లను ముందుకు తోలడం. నల్లమంత్రి ఎ3లో నిలబడగానే అక్కడి నుంచి సి1 వరకు ఐమూల దారి దాని చేతిలోకి వచ్చింది. బి2లో బంటు లేదు కాబట్టి ఆ దారిలో అడ్డం లేదు. అటువైపు కాస్లింగ్ అనే మాట ఇక మర్చిపోవాల్సిందే. చేతికి వచ్చింది ఒక బంటు, దానితోపాటు ఎదుటివాడి పథకం విరిగింది. ఇంకొకటి చూడండి. ఐదో ఎత్తులో ఏమీ చేయనట్టు కనిపించిన ఎ6 బంటు ఇప్పుడు బి5 గడిని కాస్తోంది. అది లేకపోతే తెల్లగుర్రం బి5కి దూకి ఎ3లోని మంత్రి మీద పడేది. మూడు ఎత్తులు పారబోశారన్నారు గదా, నాలుగు ఎత్తుల క్రితం పెట్టిన పెట్టుబడి ఇక్కడ వడ్డీతో తిరిగొస్తోంది.

ఇక ఆ సూత్రం ఎలా పుట్టిందో చూద్దాం. మన ఆటలో రాజు పక్కన ఉండేది మంత్రి, రాణి కాదు. పాత భారతీయ చదరంగంలో ఆ మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు పోయే శక్తి పదిహేనో శతాబ్దం చివర్లో యూరప్‌లో వచ్చింది. ఆ పాత మంత్రికి బి2 బంటు తినాలా వద్దా అన్న సందేహమే వచ్చేది కాదు. మంత్రి బలం పెరిగిన తర్వాతే దాన్ని జాగ్రత్తగా వాడమనే సూత్రం పుట్టింది. సూత్రాలు పావుల శక్తిని బట్టి, స్థితిని బట్టి పుడతాయి, ఆకాశం నుంచి ఊడిపడవు. అందుకే వాటికి హద్దులుంటాయి.

తెలుగు చదువుకున్నవారికి ఈ హద్దుల సంగతి కొత్తది కాదు. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణం నుంచి నేటి పాఠ్యపుస్తకాల దాకా సంధి సూత్రాలను ఒకే తీరుగా చెప్పరు. ఉత్తుకు సంధి నిత్యం, తప్పదు. అత్తుకు సంధి బహుళం, ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట రెండూ చెల్లుతాయి. బహుళం అన్నంత మాత్రాన అది సూత్రం కాకుండా పోదు. ప్రయోగం తెలిసినవాడే దాన్ని సరిగా వాడగలడు, ఏ మాట దగ్గర ఏం జరుగుతుందో ఒక్కొక్కటే ఎరిగి ఉండాలి. బి2 బంటు తినవద్దన్న మాటను మనం నిత్యంగా వల్లిస్తున్నాం. నా వాదమల్లా అది బహుళం అని.

“చక్కని పోలిక. కానీ చదరంగంలో ప్రమాణం వ్యాకరణం కాదు, ఫలితం. 1972లో రెక్యవిక్‌లో ఏం జరిగిందో మీకు తెలియదా?”

తెలుసు, దాన్ని పక్కకు నెట్టి మాట్లాడటం న్యాయం కాదు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోరులో బాబీ ఫిషర్ ఈ బంటును రెండుసార్లు తిన్నాడు. ఏడో ఆటలో బోరిస్ స్పాస్కీ మీద చక్కగా నిలదొక్కుకున్నాడు, ఆట 49 ఎత్తుల్లో డ్రా అయింది. పదకొండో ఆటలో మళ్లీ తిన్నాడు. తొమ్మిదో ఎత్తున స్పాస్కీ ఏనుగును కాకుండా గుర్రాన్ని బి3కి తెచ్చాడు. ఆపైన తన శకటును ఎఫ్6 గుర్రంతో మార్పిడి చేసి నల్లపక్షం బంట్ల వరుసను చీల్చాడు. పద్నాలుగో ఎత్తు దగ్గర ఆగాలి. సి3లో చక్కగా నిలిచిన గుర్రాన్ని స్పాస్కీ వెనక్కి, అది పుట్టిన బి1 గడికి పంపాడు. దాడి చేసేవాడు వెనక్కి అడుగు వేస్తాడని ఎవరు అనుకుంటారు? ఆ వెనకడుగుతోనే ఎ3లోని మంత్రి మీద దెబ్బ పడింది. మంత్రి బి4కి వెళ్లింది. స్పాస్కీ మంత్రుల మార్పిడికి ఒప్పుకోలేదు, తన మంత్రిని ఇ3కి జరిపాడు. ఫిషర్ డి5తో కేంద్రాన్ని తెరిచాడు. అప్పటి నుంచి నల్లమంత్రి చుట్టూ తెల్లబంట్లు ఒక్కొక్కటే గోడ కడుతూ వచ్చాయి. సి4, ఎ3, సి5 అనేసరికి మంత్రి బి5కి చేరింది. తెల్లమంత్రి సి3కి రాగానే ఎ4 అనే చిన్న బంటు ఎత్తుకు మంత్రి చిక్కిపోయింది. ఒక శకటుకు మంత్రిని ఇచ్చుకుని ఫిషర్ 31 ఎత్తుల్లో ఓడిపోయాడు. ఆ పోరులో ఆ తర్వాత అతడు ఈ బంటును ముట్టలేదు. పదిహేనో ఆటలో అదే స్థితి వచ్చినా మంత్రిని బి6కి పంపకుండా శకటును ఇ7కి తెచ్చాడు.

అయితే ఈ ఓటమి దేన్ని ఖండించింది? ఎనిమిదో ఎత్తునా, పదిహేనో ఎత్తునా? రాజు ఇంకా నడిబల్ల మీద ఉండగా డి5తో దారులు తెరవడం అసలు దెబ్బ అని నా అభిప్రాయం. దీనికి సాక్ష్యం 1993లో లండన్‌లో దొరికింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ నాలుగో ఆటలో నైజెల్ షార్ట్ మీద గ్యారీ కాస్పరోవ్ ఇదే బంటు తిన్నాడు. ఎత్తుల వరుస కాస్త అటూ ఇటూ అయినా, 13 ఎత్తులు ముగిసేసరికి బల్ల మీద స్పాస్కీ, ఫిషర్ల స్థితే అచ్చంగా నిలిచింది. షార్ట్ గుర్రాన్ని బి1కి కాక డి1కి లాగాడు. కాస్పరోవ్ మంత్రి ఇ4 బంటును కూడా తిని, ఎ4కి, ఎ3కి తిరుగుతూ బతికి బయటపడింది. సమయం చూసి ఏనుగును ఒక గుర్రానికి ఇచ్చి తెల్లపక్షం ఊపు తగ్గించాడు. ముప్పయ్యో ఎత్తున గానీ అతడు కాస్లింగ్ చేయలేదు. గెలిచాడు.

“ఇక్కడే మీ వాదం జారిపోతోంది. షార్ట్ గుర్రం డి1కి వెళ్లింది, బి1కి కాదు. అసలు ప్రశ్న అడగని పరీక్షలో నెగ్గడం నెగ్గడం ఎలా అవుతుంది? పైగా ఓడిన ప్రతిసారీ తర్వాతి ఎత్తు మీద నెపం వేస్తూ పోతే మీ సిద్ధాంతాన్ని ఏ సాక్ష్యమూ ఖండించలేదు. ఖండించడానికి వీలే లేని వాదం వాదం కాదు.”

మొదటి మాట ఒప్పుకుంటాను. స్పాస్కీ ఎత్తుకు కాస్పరోవ్ బల్ల మీద జవాబు చెప్పలేదు. చెప్పడానికి సిద్ధపడి కూర్చున్నాడు, అంతవరకే ఆ సాక్ష్యం బలం. షార్ట్‌కు కూడా రెక్యవిక్ ఆట తెలుసు, అయినా అతడు వేరే దారి పట్టాడన్నది కూడా పరిగణించాల్సిందే. రెండో మాట మాత్రం ఒప్పుకోను. ఈ వాదాన్ని ఖండించే దారి స్పష్టంగా ఉంది: తొమ్మిదో ఎత్తు నుంచి మొదలుపెట్టి, నల్లపక్షం ఏం చేసినా తప్పించుకోలేని గెలుపును తెల్లపక్షం చూపించాలి. అలా ఖండితమైన సోదరుడు ఒకడు పక్కనే ఉన్నాడు. ఎనిమిదో ఎత్తున తెల్లపక్షం మంత్రిని డి2కి తేకుండా బంటును ఎ3కి నెట్టిందనుకోండి. అప్పుడు కూడా బి2 బంటు కాపలా లేకుండానే కనిపిస్తుంది. తిన్నామా, గుర్రం ఎ4కి దూకుతుంది. మంత్రికి దారి ఏది? ఎ3 బంటును తింటే వెనక ఏనుగు ఉంది. బి4కి వెళ్తే ఆ బంటే తింటుంది. సి3లో చెక్ చెబితే ఎ4 గుర్రం తింటుంది. ఎ1లోని ఏనుగును తింటే మంత్రి మంత్రికి బలి. ఒక్క ఎత్తుతో కథ ముగిసింది. ఒక్క బంటు ఒక్క గడి ముందు ఉంటే అదే ఆహారం విషం, లేకపోతే కాదు. ఇంత సన్నని తేడాను ‘బి2 జోలికి పోకు’ అన్న మాట పట్టుకోలేదు. పట్టుకోవాలంటే స్థితిని చూడాలి.

మరి అసలు స్థితిలో అలాంటి ఖండన కోసం ప్రయత్నించలేదా? పదో ఎత్తున ఇ5, పదో ఎత్తున ఎఫ్5 అని రెండు పెద్ద దారుల్లోనూ దశాబ్దాలుగా వెతికారు. 1965లో హవానా టోర్నమెంట్‌లో బల్గేరియా ఆటగాడు జార్జి ట్రింగోవ్ ఇ5 దారిన ఫిషర్ మీద పడ్డాడు. అమెరికా ప్రభుత్వం క్యూబా వెళ్లనివ్వకపోవడంతో ఫిషర్ న్యూయార్క్‌లోని మార్షల్ చెస్ క్లబ్‌లో కూర్చుని టెలెక్స్ ద్వారా ఎత్తులు పంపాడు. ట్రింగోవ్ గుర్రాన్ని, శకటును ఇ6 మీద విసిరి రాజు దగ్గరికి వచ్చాడు. ఫిషర్ ఒక్కొక్క దెబ్బనూ కాచుకుని 22 ఎత్తుల్లో గెలిచాడు. ఆ దారినే ఈ శతాబ్దం మొదటి దశకంలో కంప్యూటర్ల సాయంతో కొత్త పదును పెట్టి మళ్లీ తెచ్చారు. ఇరుపక్షాలూ తప్పు చేయకపోతే ఆ ఆటలు ఎక్కువగా సమంగానే ముగుస్తున్నాయి.

“చివరికి కంప్యూటర్ దగ్గరికే వచ్చారు. నిన్న గురువు తినవద్దన్నాడు, నేడు యంత్రం తినవచ్చంది. రెండూ శబ్ద ప్రమాణాలే. మీ ఆటగాడు తానుగా చూసిందేమిటి? ఇరవై ఎత్తులు కంఠతా పట్టడం తప్ప?”

నాకు అన్నిటికన్నా బరువుగా తోచిన ఆక్షేపణ ఇదే. యంత్రం ‘సమం’ అన్నదని నమ్మి బంటు తినేవాడు, గురువు వద్దన్నాడని తినకుండా ఉండేవాడు ఒకే పడవలో ఉన్నారు. ఇద్దరూ విన్నదే చేస్తున్నారు. నిజానికి వీరిలో రెండోవాడికే ప్రమాదం తక్కువ, ఎందుకంటే సూత్రం తప్పినా ఒక బంటు మాత్రమే పోతుంది, యంత్రం మాట అర్థం కాకపోతే మంత్రి పోతుంది. అయితే ‘సమం’ అనడానికి యంత్రం చూపే సున్నాకు అర్థం ఏమిటి? అడవిలో ఒక దారి ఉందని మాత్రమే. ఎక్కడ లోయ ఉందో, ఏ మలుపు దగ్గర ఎదుటివాడు పక్కదారి పడతాడో అది చెప్పదు. పుస్తకంలో లేని గుర్రం ఎత్తు ఒక్కటి వస్తే కంఠపాఠం అక్కడితో ఆగిపోతుంది. ఎ3 నుంచి సి1 దారి ఎందుకు విలువైనదో, ఎ6 బంటు ఏ గడిని కాస్తోందో, రాజు మధ్యలో ఉండగా డి5 ఎందుకు పనికిరాదో ఎరిగినవాడు మాత్రం ఆ మలుపులోనూ నడవగలడు. విన్నది చూసినదిగా మారడం అక్కడే జరుగుతుంది. ఈ ఎరుక లేనివాణ్ని బంటు తినమని నేను చెప్పను. గురువుగారి మాటనే పట్టుకొమ్మంటాను. ఎరుక ఉన్నవాణ్ని మాత్రం పాత సూత్రం పేరు చెప్పి ఆపే అధికారం ఎవరికీ లేదు.

ఈ వాదాన్ని నా మాట మీద నమ్మవద్దు. బల్ల తీసి రెక్యవిక్ పదకొండో ఆటను స్పాస్కీ పద్నాలుగో ఎత్తు వరకు పేర్చండి. కంప్యూటర్ ఆపేసి నల్లపావుల వైపు కూర్చోండి. మంత్రి ఎ3లో ఉంది, బి1 గుర్రం దాన్ని తరుముతోంది, ఎ5, సి5 గడులను బి3 గుర్రం కాస్తోంది. ఫిషర్ బి4కి వెళ్లాడు. మీరైతే ఎక్కడికి వెళ్తారో, ఆ తర్వాత డి5 బదులు ఏం ఆడతారో, ఎందుకో, కాగితం మీద రాసుకున్నాకే పుస్తకం తెరవండి.