సూది పట్టిన చేతికి న్యాయమైన కూలి



యొప్పాలో తబిత అనే శిష్యురాలు మరణించినప్పుడు వితంతువులు పేతురుగారి చుట్టూ చేరి ఏమి చూపించారో గుర్తున్నదా? ఆమె తమకు కుట్టి ఇచ్చిన అంగీలు చూపి ఏడ్చారు (అపో. కా. 9). ఆమె ప్రేమకు ఆ కుట్లే సాక్ష్యం పలికాయి.

మన పొరుగున ఉన్న లంబాడీ తల్లుల కుట్లకు కూడా ఒక సాక్ష్యమున్నది. వారి పూర్వులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగిన వర్తకులు. రైళ్లు వచ్చాక ఆ వర్తకం చితికిపోయింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే దోషులను చేసింది. పలుచోట్ల లంబాడీలూ ఆ ముద్ర మోశారు. 1952లో గాని అది తొలగలేదు. ఇన్ని పోయినా స్త్రీల చేతిలో సూది నిలిచింది.

కర్ణాటకలోని బళ్లారి జిల్లా సండూరులో ఆ సూదే ఇప్పుడు అన్నం పెడుతున్నది. అక్కడి కుశల కళా కేంద్రంలో లంబాడీ స్త్రీలు అద్దాలు, గవ్వలు, రంగు దారాలతో కుట్టుపని చేస్తారు. 2010లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు లభించింది. 2023 జూలైలో హంపిలో జి-20 సమావేశాల సందర్భంగా 450 మందికి పైగా స్త్రీలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ పుస్తకానికెక్కింది.

ఒంటరిగా అమ్ముకునే స్త్రీ, దళారి చెప్పిన ధరకు తల వంచక తప్పదు. ఇంట్లో గింజలు లేనప్పుడు బేరమాడే బలమెక్కడిది? పదిమంది ఒక సంఘంగా కూడితే ధర ముందే నిర్ణయించుకోవచ్చు. బిడ్డలను వదిలి చెరకు నరకడానికి వలసపోయే అవసరమూ కొంత తగ్గుతుంది.

అయితే సంఘం ఎంత గట్టిదైనా కొనేవారి మనస్సాక్షి మొద్దుబారితే ఏమి లాభం? పెద్ద దుకాణంలో అడిగినంతా ఇచ్చే మనం, నేల మీద పరచుకొని అమ్మే తల్లి దగ్గర సగానికి అడుగుతాం. "ఆమె ఒప్పుకున్నది గదా" అని సమర్థించుకుంటాం. 1891లోనే 13వ లియో పోపుగారు ఈ సాకును తోసిపుచ్చారు. అవసరం కొద్దీ ఒప్పుకున్నంత మాత్రాన కూలి న్యాయమైనది కాదని, అది పనివాని బ్రతుకు గడిచేటట్లు ఉండాలని బోధించారు. బిగపట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబుగారి లేఖ హెచ్చరించనే హెచ్చరించింది.

ఈసారి చేతికుట్టు సంచి కొనేటప్పుడు ధర తగ్గించమని అడగకముందు, "అమ్మా, దీనికి ఎన్ని రోజులు పట్టింది?" అని అడగండి. ఆ రోజులను మీ ఇంటి పనివాని కూలితో లెక్కగట్టి చూడండి.

నజరేతులో వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువు మన బేరాలను పవిత్రపరచునుగాక. ఆమెన్.