సున్నం కింద పేతురు



ఫ్రాన్సు దక్షిణ తీరాన, నీసు నగరాన్ని ఆనుకొని విల్‌ఫ్రాంష్ అనే చిన్న ఊరుంది. వేసవి వస్తే విహారయాత్రికులతో, రేవు వెంట హోటళ్ళతో ఒకటే సందడి. ఆ చుట్టుపక్కల ఒక విచారణలో సెలవుల నెల పూజలు చెప్పడానికి వెళ్ళిన నేను, ఒక మధ్యాహ్నం ఎండకు ఓర్వలేక రేవు గట్టున ఉన్న చిన్న గుడి నీడకు చేరాను. ద్వారం దగ్గర టిక్కెట్టు అడిగారు. దేవుని ఇంటికి టిక్కెట్టేమిటని మనసు చివుక్కుమంది. ఆ సొమ్ము జాలర్లకు చెందుతుందని చెప్పాక ఇచ్చి లోపలికి వెళ్ళాను.

గోడల నుండి పైకప్పు దాకా బొమ్మలే. అది పునీత పేతురు గారి గుడి. దేవదూత ఆసరాతో నీటిమీద నడుస్తున్న పేతురు ఒకచోట. ప్రభువును ఎరుగనని బొంకిన పేతురు, పక్కనే కోడిపుంజు మరొకచోట. చెరసాలలో దూత విడిపిస్తున్న పేతురు ఇంకొకచోట. రంగులు లేతవి. గీతలు మాత్రం చెయ్యి ఎత్తకుండా గీసినట్టున్నాయి. ఆ ఊరి ఆడపిల్లలకు కూడా గోడమీద చోటు దొరికింది.

గీసినవాడు జాన్ కాక్తో. కవి, నాటకకర్త, సినిమాలు కూడా తీశాడు. 1920లలో ఆ రేవులోనే హోటలులో బస చేసేవాడు. ఈ గుడిలో అప్పట్లో జాలర్లు వలలు దాచుకునేవారు. ఎన్నో ఏళ్ళకు వాళ్ళను ఒప్పించి, 1957లో పని పూర్తి చేశాడు. మనిషి నల్లమందుకు బానిస. 1925లో తత్వవేత్త జాక్ మారితేన్ స్నేహం వల్ల దివ్యసంస్కారాలకు తిరిగి వచ్చాడు గాని, అది ఎంతోకాలం నిలవలేదు. ఆయన బ్రతుకు మన జ్ఞానోపదేశం పుస్తకంలో ఇమిడేది కాదు.

అక్కడ బల్లమీద కూర్చున్నాను గాని ప్రార్థన రాలేదు. ఒక పాత తప్పు అడ్డం వచ్చింది.

గురుపట్టం అందుకున్న కొత్తలో మన తీరంలోనే ఒక జాలరిపల్లెకు నన్ను పంపారు. అక్కడి గుడిలో పీఠం వెనుక గోడమీద, సినిమా బోర్డులు రాసే ఒకాయన పేతురు గారి బొమ్మ వేశాడు. తెప్పమీద నిలబడి వల లాగుతున్న పేతురు. ముఖం మాత్రం సముద్రంలో పోయిన తన తండ్రిది. ఆయన తాగేవాడు. తాగుబోతు గీసిన పునీతుని ముందు మోకరించాలా అని పెద్దలు గొణిగారు. మేత్రాణుల వారి రాకకు ముందు సున్నం కొట్టించేశాను. ఆయన నన్నేమీ అనలేదు. సున్నం తనే కలిపిచ్చాడు. మరుసటి ఆదివారం నుండి మాత్రం పూజకు గుడి బయటే నిలబడేవాడు.

అప్పటికే సెమినరీలో తోమాసు అక్వీనాసు గారిని చదివి పరీక్ష పాసైనవాణ్ణి! పనివాని నేర్పును అతడు చేసిన వస్తువును బట్టి చూడాలి, అతని మనసును బట్టి కాదని ఆయన ఎప్పుడో తేల్చాడు. జవాబు నోట్సులో ఉంది, నాకు మాత్రం అక్కరకు రాలేదు.

అయితే పెద్దల మాట వట్టి చాదస్తమని కూడా అనలేను. పీఠం వెనుక బొమ్మ సంతలో బొమ్మ కాదు. దాన్ని చూసి జనం ప్రార్థించాలి. గీసినవాడు నిన్న రాత్రి ఎక్కడ పడిపోయాడో పల్లె అంతటికీ తెలుసు. కాక్తో సంగతీ లోకానికి తెలుసు, అయినా వరుసకట్టి చూస్తున్నారు. అంటే మనం క్షమించేది పేరుప్రతిష్ఠలనా? ఈ ప్రశ్న నాకు ముల్లులా గుచ్చుకుంది. బ్రతుకులోని మచ్చే కొలత అయితే, ముందు సున్నం కొట్టవలసింది ఆ కోడిపుంజు పక్కనున్నాయనకే గదా!

ఇంకొక మాట. విల్‌ఫ్రాంష్ గుడిలో పూజ జరిగేది ఏడాదికొకసారి, జూన్ 29న, పేతురు గారి పండుగనాడు. తక్కిన రోజులు కెమెరాలవే. మా పల్లె గుడిలో ఆ బొమ్మను ఒక్కరూ ఫొటో తీయలేదు. కాని మగవాళ్ళు వేటకు పోయిన రాత్రుల్లో ఆడవాళ్ళు దాని ముందే దీపం పెట్టి కూర్చునేవారు. నేను చెరిపింది గోడమీది రంగు ఒక్కటేనా?

తిరిగి వచ్చాక ఆ పల్లెకు వెళ్ళాను. ఉప్పుగాలికి సున్నం పెచ్చులూడుతోంది. తెప్ప కొన, పట్టుకున్న ఒక చెయ్యి బయటపడ్డాయి. "మళ్ళీ సున్నం వేయించమంటారా ఫాదర్?" అని ఉపదేశి అడిగాడు. వద్దన్నాను. పెయింటరు ఎక్కడున్నాడని అడిగాను. పోయి ఆరేళ్ళయిందన్నాడు.