గ్రహణం ఎవరి కోసమూ పట్టదు

ఫలానా రోజు, ఫలానా నిమిషంలో గ్రహణం పడుతుందని క్యాలెండరులోనే అచ్చు వేస్తున్నారు. అలా ముందే తెలిసిపోయిన దానికి భయపడి నమాజుకు నిలబడటమెందుకు? చదువుకుంటున్న మన పిల్లలు ఈ ప్రశ్న అడుగుతున్నారు. అడగటం తప్పు కాదు. గద్దించి నోరు మూయించటమే తప్పు.

1980 ఫిబ్రవరి 16, శనివారం. జుహర్, అసర్ నమాజుల నడిమి వేళ. చంద్రుని నీడ కర్ణాటక నుండి వచ్చి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మీదుగా సాగి ఒడిశా తీరం దాటింది. యాదగిరిగుట్ట అప్పట్లో నల్గొండ జిల్లాలోదే. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ వద్ద దేశ విదేశాల శాస్త్రజ్ఞులు టెలిస్కోపులతో కాచుకుని ఉన్నారు. జనం మాత్రం తలుపులు మూసుకున్నారు. గ్రహణాన్ని నేరుగా చూస్తే కళ్ళు దెబ్బతింటాయన్న హెచ్చరిక నిజమే. కానీ దానికి లేనిపోని భయాలెన్నో తోడయ్యాయి. గుట్ట చుట్టుపక్కల అరవై దాటిన పెద్దల్ని అడిగి చూడండి, "ఆ రోజు ఇంట్లోంచి కదల్లేదు" అనేవారే ఎక్కువ.

సంపూర్ణ గ్రహణం ఎలా ఉంటుందో ఆరుబయట నిలబడ్డవారికే తెలుస్తుంది. సూర్యుడు నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు కప్పబడినా అది ఇంకా పగలే. ఆ చివరి వెలుగురేఖ పోయిందా, ఒక్కసారిగా చీకటి కమ్ముకుంటుంది. గాలి చల్లబడుతుంది. పక్షులు గూళ్ళకు మళ్ళుతాయి. పట్టపగలు శుక్రగ్రహం మెరుస్తుంది. నల్లని బిళ్ళ చుట్టూ వెండి కాంతి పరచుకుంటుంది. దాన్నే కరోనా అంటారు. సూర్యుడు చంద్రుని కన్నా సుమారు 400 రెట్లు పెద్ద, సుమారు 400 రెట్లు దూరం. అందుకే ఈ చిన్న చంద్రుడు అంత పెద్ద సూర్యుణ్ణి సరిగ్గా కప్పగలుగుతున్నాడు. ఈ కొలత ఎవరిది?

సూర్యచంద్రులు ఒక లెక్క ప్రకారం నడుస్తున్నారని దివ్య ఖుర్ఆన్ సూరా అర్రహ్మాన్‌లో తెలిపింది. కాబట్టి లెక్క విశ్వాసానికి శత్రువు కాదు. గ్రహణం ఎప్పుడో లెక్క చెబుతుంది. దాని ముందు మనిషి ఎంతటివాడో చెప్పటం లెక్క పని కాదు. లెక్క కట్టినవారికే ఆ రెండు నిమిషాలు ఒళ్ళు గగుర్పొడుస్తుంది!

హిజ్రీ 10లో దైవప్రవక్త (స) చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజునే మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. ఆ బాలుని మరణం వల్లనే పట్టిందని ప్రజలు అనుకున్నారు. కడుపుకోతతో ఉన్న తండ్రికి అది ఎంత ఓదార్పు మాట! మౌనంగా ఉన్నా సరిపోయేది. కానీ ఆయన (స) నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదనీ, అది చూసినప్పుడు నమాజు, దుఆ చేయమనీ బోధించారు. తన దుఃఖానికి గౌరవం తెచ్చే అబద్ధాన్ని కూడా ఆయన నిలవనీయలేదు.

మరి మన ఇళ్ళ సంగతి? గ్రహణమప్పుడు గుట్ట మీది ఆలయం మూసి ఉంచటం వారి ఆచారం, అది వారి విషయం. మన ఇళ్ళలో గర్భిణి కత్తి పట్టకూడదు, కదలకుండా పడుకోవాలి అని ఏ హదీసు చెప్పింది? పెదవి చీలి పుట్టిన బిడ్డకు మన భాషలో పేరే గ్రహణం మొర్రి. ఆ పేరుతోనే తల్లి మీద నింద పడిపోతుంది. "ఆ రోజు కూరగాయలు కోశావు కదా" అని అత్త అంటుంది, ఆడపడుచు అంటుంది. బిడ్డ పెదవి గర్భం మొదటి రెండు నెలల్లోనే ఏర్పడుతుంది, చాలాసార్లు తల్లికి గర్భమని తెలిసీ తెలియని రోజుల్లో. చిన్న ఆపరేషన్‌తో సరిచేయగల లోపానికి ఒక స్త్రీని జీవితాంతం దోషిగా నిలబెట్టటం బొహ్తాన్ కాదా? ఎవరి పుట్టుక కోసమూ గ్రహణం పట్టదన్న మాట ఈ తల్లికీ వర్తిస్తుంది.

2027 ఆగస్టు 2న సంపూర్ణ గ్రహణపు నీడ జిద్దా, మక్కాల మీదుగా సాగుతుందని లెక్క. అక్కడి మన బంధువులు ఫోన్లు చేస్తారు, ఇక్కడ ఇళ్ళలో మళ్ళీ పాత భయాలు లేస్తాయి. మదీనాలో ఆ రోజు స్త్రీలు చీకటి గదిలో దాక్కోలేదు. హజ్రత్ అస్మా (రజి) వచ్చి ఏమైందని అడిగితే, నమాజులో ఉన్న హజ్రత్ ఆయిషా (రజి) తలతో ఆకాశం వైపు సైగ చేశారు. అస్మా కూడా నిలబడ్డారు. నమాజు ఎంత సుదీర్ఘంగా సాగిందంటే ఆమెకు స్పృహ తప్పినంత పనైంది. పక్కనున్న నీళ్ళు తలపై పోసుకుని మరీ నిలబడ్డారు.