ఆ ఫోటోలో నేనెక్కడ ఉండేదాన్ని?

దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు చెప్పిన సామెత అందరికీ తెలిసిందే. చిక్కబళ్లాపురం నుంచి చూస్తే నందికొండ నున్నగా కనిపిస్తుంది, దగ్గరికి పోతే బండలు, ముళ్లు. కానీ అన్యాయం సంగతిలో ఈ సామెత తలకిందులవుతుందని నాకనిపిస్తుంది. దూరదేశంలో జరిగిన అన్యాయం మనకు గరుకుగా, స్పష్టంగా కనిపిస్తుంది. మన ఊళ్లో, మన ఇంట్లో ఉండేది మాత్రం నున్నగా, అక్కడ ఏమీ లేనట్టే కనిపిస్తుంది. ఈ సంవత్సరం అమెరికా ఆధునిక చరిత్ర చదువుతూ నేను ఎక్కువగా ఆలోచించిన సంగతి ఇదే.

అమెరికా స్వాతంత్ర్య పోరాటం మేము పాఠంలో చదివినాము. ఆ తరువాత ఏమి జరిగిందో తెలుసుకోవాలంటే మా సోషల్ సార్ కొన్ని పుస్తకాలు ఇచ్చినారు. 1776లో మనుషులందరూ సమానమని రాసిన జెఫర్సన్ దగ్గరే బానిసలు ఉండేవాళ్లు. 1865లో బానిసత్వం చట్టం ప్రకారం పోయింది. అయినా దక్షిణ రాష్ట్రాల్లో ఇంకా దాదాపు నూరేళ్లు నల్లవాళ్లకు వేరే స్కూలు, వేరే నీళ్ల కొళాయి, బస్సులో వెనక సీటు. ఇవన్నీ చదివి నేను ఇంట్లో చెప్తూ ఉంటే మా అవ్వ ఒకటే మాట అనింది. "యాడనో అమెరికాలో ఎప్పుడో జరిగినదానికి నీకేల మే అంత బాధ? మన పని మనం చూసుకుంటే సాలదా?"

ఈ ప్రశ్నను తేలికగా తీసిపారేయకూడదు. మా బాగేపల్లి పక్క బోరు ఎంత లోతుకు వేసినా నీళ్లు పడతాయనే నమ్మకం లేదు. చింతామణి మార్కెట్లో టమోటా ధర పడిపోతే ఆ నెల ఇంట్లో అన్ని ఖర్చులూ ఆగిపోతాయి. ఇలాంటి చోట బతికే పిల్లలకు అమెరికా ఎందుకు?

మొదటి జవాబు, ఆ చరిత్రలో మనవాళ్లు కూడా ఉన్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా చేరినారు. అదే సంవత్సరం అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారు, కాబట్టి పౌరులు కాలేరు అని తీర్పు చెప్పింది. ఆయన ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసి చదువుకున్నారు. తరువాత ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మందుల పరిశోధన చేసినారు. 1948లో చనిపోయేదాకా అమెరికా పౌరుడు కాలేదు. 1946లో చట్టం మారినా భారతదేశం నుంచి సంవత్సరానికి నూరుమందికే చోటు. ఆ తలుపు బాగా తెరుచుకున్నది 1965లో. నల్లవాళ్లు నడిచి, దెబ్బలు తిని, జైళ్లకు పోయి 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం తెచ్చుకున్నారు. ఆ ఊపులోనే జాతిని బట్టి, దేశాన్ని బట్టి మనుషులను ఆపే పాత వలస చట్టం కూడా పోయింది. ఈ రోజు తెలుగువాళ్ల ఇళ్లలో "మావాడు అమెరికాలో ఉన్నాడు" అని గొప్పగా చెప్పుకుంటే, ఆ గొప్పలో నల్లవాళ్ల పోరాటానికి కూడా భాగం ఉంది. ఎవరో కట్టిన గట్టు మీద మనం నడుస్తున్నాము. కట్టినవాళ్లెవరో తెలుసుకోవడం మన బాధ్యత.

కానీ నన్ను నిజంగా నిద్ర పోనీయనిది ఈ జవాబు కాదు. ఒక ఫోటో.

1957 సెప్టెంబరు 4. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం, లిటిల్ రాక్ అనే ఊరు. తెల్లపిల్లలకూ నల్లపిల్లలకూ వేరువేరు స్కూళ్లు ఉండకూడదని 1954లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని తొమ్మిదిమంది నల్లపిల్లలను సెంట్రల్ హైస్కూలులో చేర్చుకోవాలి. అందరూ కలిసి వెళ్లాలని పెద్దవాళ్లు అనుకున్నారు. ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ ఇంట్లో ఫోన్ లేదు. ఆ కబురు ఆమెకు అందలేదు. కొత్త గౌను వేసుకుని, పుస్తకాలు పట్టుకుని ఒక్కతే పోయింది. గేటు దగ్గర గవర్నరు పంపిన సైనికులు ఆమెను లోపలికి పోనీయలేదు. వెనక పెద్ద గుంపు. ఫోటోలో ఆమె నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ముందుకు నడుస్తూ ఉంటుంది. ఆమె వెనకే ఒక తెల్లపిల్ల నోరంతా తెరిచి కోపంగా అరుస్తూ ఉంటుంది. ఆ పిల్ల పేరు హేజెల్ బ్రయాన్.

ఎలిజబెత్ వయసు అప్పుడు 15. హేజెల్ వయసు 15. నా వయసు కూడా 15.

క్లాసులో ఎవరిని అడిగినా "మేము ఎలిజబెత్ పక్షం" అనే చెప్తారు. నేనూ అదే పక్షం. కానీ ఆ రోజు ఆ వీధిలో ఎలిజబెత్ ఒక్కతే. ఎదురుగా వందలమంది. ఎప్పుడో దూరంగా కూర్చుని చదివే మనమంతా ఎలిజబెత్ పక్షమే అయితే, ఆ వందలమంది ఎక్కడి నుంచి వచ్చినారు? వాళ్లేమీ రాక్షసులు కారు. తల్లులు, అంగడివాళ్లు, స్కూలు పిల్లలు. ఆదివారం చర్చికి పోయేవాళ్లు, పక్కింట్లో జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చేవాళ్లు. మంచివాళ్లు కూడా ఆ గుంపులో ఉండగలిగినారు. నాకు భయం కలిగించేది ఇదే.

"అది ఆ కాలం, ఆ గాలి అట్లాంటిది, వాళ్లనేమి అంటాము" అని ఒక వాదం ఉంది. ఇందులో కొంత నిజం ఉంది. పుట్టినప్పటి నుంచి చుట్టూ అందరూ ఒకే మాట చెప్తూ ఉంటే పిల్లలకు ఇంకో మాట ఎట్లా తెలుస్తుంది? కానీ కాలమే అంతా చేయిస్తే, హేజెల్ ఎప్పటికీ అట్లే ఉండిపోవాలి కదా. ఆమె అట్లా ఉండలేదు. కొన్ని సంవత్సరాలకే, ఇంకా ఆ గాలి మారకముందే, తానుగా ఎలిజబెత్‌కు ఫోన్ చేసి క్షమాపణ అడిగింది. ఎవరూ ఆమెను బలవంతం చేయలేదు. కాబట్టి కాలం మనిషిని ఒక వైపు తోస్తుంది, కానీ కట్టిపడేయదు. తోపుడు ఎంత, మన అడుగు ఎంత అని విడదీసి చూసుకోవడమే మనస్సాక్షి పని అని నేననుకుంటాను.

ఇంకో సంగతి చెప్పాలి. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ మన దేశానికి వచ్చి, తిరువనంతపురంలో ఒక స్కూలుకు పోయినారు. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది అంటరానితనం అనుభవించిన కుటుంబాలవాళ్లు. హెడ్‌మాస్టరు ఆయనను పరిచయం చేస్తూ, ఈయన కూడా అమెరికాలో మనలాగా అంటరానివాడే అన్నారు. కింగ్‌కు మొదట మనసు చివుక్కుమంది. అంత పెద్ద మనిషిని నన్ను ఇట్లా అంటారా అనుకున్నారు. తరువాత తన దేశంలో తనవాళ్ల బతుకు తలచుకుని, అవును, నేను అంటరానివాణ్నే అని ఒప్పుకున్నట్టు ఆయనే తరువాత చెప్పినారు. మన దేశపు మాట ఆయనకు అద్దం అయింది. అట్లాగే ఆయన దేశపు చరిత్ర మనకు అద్దం కావాలి. అద్దం ఎందుకు కొంటాము? గోడకు అందం అని కాదు, మన ముఖం చూసుకోవాలని.

ఆ అద్దంలో చూసి నేను అవ్వను ఒక ప్రశ్న అడిగినాను. అవ్వ చిన్నప్పుడు కూలికి వచ్చినవాళ్లకు నీళ్లు ఎట్లా ఇచ్చేవాళ్లు? అవ్వ దాచకుండా చెప్పింది. చెంబు వాళ్ల చేతికి ఇచ్చేవాళ్లు కాదంట. పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగేవాళ్లంట. "అది తప్పని మాకెవ్వురూ సెప్పలేదు మే. వాళ్లూ ఏమీ అడగలేదు" అనింది. మా అవ్వ ఎవరినీ ఆకలితో పంపని మనిషి. ఇప్పటికీ వాకిట్లోకి ఎవరు వచ్చినా ముందు ముద్ద పెడుతుంది. అందుకే ఆ జవాబు నన్ను ఆలోచింపజేసింది. వాళ్లు అడగలేదు, నిజమే. ఆ పొద్దు కూలి, రేపటి కూలి రెండూ మన చేతిలో ఉంటే వాళ్లు ఎట్లా అడుగుతారు? అడగకపోవడం ఒప్పుకోవడం కాదు. లిటిల్ రాక్‌లో కూడా తెల్లవాళ్లు ఇదే అనేవాళ్లు, మా ఊరి నల్లవాళ్లు సంతోషంగానే ఉన్నారని.

ఇక మన జిల్లా సంగతి. 2000 మార్చి 11న చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితులను ఇండ్లలో పెట్టి కాల్చేసినారు. అప్పటికి మనది ఇంకా కోలారు జిల్లా. కేసు నడిచింది. సాక్షులు కోర్టులో మాట మార్చినారు. 2006లో నిందితులందరినీ విడిచిపెట్టినారు. 2014లో హైకోర్టు కూడా అదే తీర్పు నిలబెట్టింది. ఎవరు చేసినారో చెప్పే అధికారం నాకు లేదు, కోర్టు తేల్చలేనిది నేను తేల్చలేను. కానీ ఒక లెక్క మాత్రం నాకు కుదరడం లేదు. చనిపోయినవాళ్లు ఏడుగురు ఉన్నారు, చంపినవాళ్లు ఒక్కరూ లేరు.

దీని పక్కన అమెరికాలో జరిగినది పెట్టి చూడండి. 1955లో మిసిసిపి రాష్ట్రంలో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లపిల్లవాణ్ని చంపేసినారు. కోర్టులో ఆ పిల్లవాడి బంధువు మోజ్ రైట్ అనే ముసలి రైతు లేచి నిలబడి, పిల్లవాణ్ని ఇంట్లోంచి ఎత్తుకుపోయినవాళ్లు వీళ్లే అని వేలు చూపించినాడు. తెల్లవాళ్లతో నిండిన కోర్టులో ఒక నల్ల కూలిరైతు అట్లా చేయడం మామూలు ధైర్యం కాదు. అయినా పన్నెండుమంది తెల్ల జ్యూరీ సభ్యులు గంటసేపట్లో నిందితులను విడిచిపెట్టినారు. కొన్ని నెలలకే ఆ ఇద్దరూ ఒక పత్రికకు మేమే చంపినామని చెప్పుకున్నారు. మోజ్ రైట్ మాత్రం పంట వదిలి, ఊరు వదిలి షికాగో పోవలసి వచ్చింది.

కాబట్టి కంబాలపల్లి సాక్షులను పిరికివాళ్లు అనడం నాకు ఇష్టం లేదు. మాట చెప్పినాక కూడా అదే ఊళ్లో, అదే వీధిలో బతకాల్సినవాళ్లు వాళ్లు. సాక్షి ఒంటరిగా నిలబడలేడు. వెనక ఊరు నిలబడితేనే నిలబడతాడు. ప్రశ్న భయపడినవాళ్లను అడగకూడదు, భయపడే అవసరం లేకుండా ఊరుకున్నవాళ్లను అడగాలి.

"పాత సంగతులు తవ్వితే ఊళ్లో గలాటాలే కదా, మరచిపోతే మంచిది" అని నా స్నేహితులు కొందరు అంటారు. వాళ్ల మాటలో కూడా మంచి ఉద్దేశమే ఉంది. కానీ గుర్తు పెట్టుకోవడం మనకు చేతకాని పని కాదు. గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థంలో 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహానికి వచ్చినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపితే, ఆ చనిపోయినవాళ్లకు మనం స్మారకం కట్టుకున్నాము. టూర్ పోయి చూసి వస్తాము, గలాటా ఏమీ కాదు. అక్కడ తప్పు మన చేతిది కాదు కాబట్టి గుర్తు పెట్టుకోవడం సులభం. లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూలు ఈ రోజుకీ పిల్లలు చదివే స్కూలే. తమ ఊరికి తలవంపు తెచ్చిన ఆ స్కూలును వాళ్లు జాతీయ చారిత్రక స్థలంగా చేసి, వచ్చినవాళ్లందరికీ జరిగింది జరిగినట్టు చెప్తున్నారు. పగ తీర్చుకోవడానికి గుర్తు పెట్టుకోవడం వేరు, మళ్లీ జరగకూడదని గుర్తు పెట్టుకోవడం వేరు.

మరి ఆ ఫోటోలో నేనెక్కడ ఉండేదాన్ని? ఎలిజబెత్ చోటు నేను కోరుకుంటే వచ్చేది కాదు, ఆమె కూడా కోరుకుని అక్కడ నిలబడలేదు. నాలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకు దొరికే చోటు ఆమె వెనక, గుంపులోనే. ఈ మాట రాయడానికి బాగుండదు, కానీ నిజం ఇదే. అయితే గుంపులో కూడా మూడు దారులు ఉన్నాయి. అరవవచ్చు. ఊరికే చూస్తూ ఉండవచ్చు. లేదా గుంపులోంచి బయటికి రావచ్చు. ఆ రోజు ఎలిజబెత్ బస్‌స్టాపు బెంచీ మీద కూర్చుంటే, బెంజమిన్ ఫైన్ అనే పత్రికా విలేకరి పోయి పక్కన కూర్చున్నాడు. గ్రేస్ లార్చ్ అనే తెల్లమహిళ గుంపును మందలించి, ఆ పిల్లతో కూడా బస్సెక్కి పోయింది. వాళ్లు చేసింది అంతే. పక్కన కూర్చున్నారు, కూడా పోయినారు.

దానికి పెద్ద చదువు, డబ్బు, అధికారం ఏవీ అవసరం లేదు. బిసియూట వరుసలో ఎవరి పక్కన ఎవరూ కూర్చోవడం లేదో చూసి అక్కడ కూర్చోవచ్చు. టీ హోటల్లో కొందరికి వేరే గ్లాసు ఇస్తే, మాకూ అదే గ్లాసు ఇవ్వండి అనవచ్చు. ఎవరైనా నిజం చెప్పడానికి లేచి నిలబడితే, వాళ్ల వెనక నిలబడవచ్చు.

మిత్రులారా, పరీక్షలో 1957లో ఏమి జరిగిందని అడిగితే రెండు మార్కులు వస్తాయి. అక్కడ నువ్వుంటే ఏమి చేసేవాడివి, ఏమి చేసేదానివి అని ఎవరూ అడగరు. అది మనమే అడుగుకోవాలి, జవాబు కూడా మనమే ప్రతిరోజూ రాయాలి.

— పదవ తరగతి విద్యార్థిని