బిట్టులో విశ్వము

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయపు ఆవరణలో చెట్లనీడను కుర్చీలు వేసికొని గ్రూప్స్ పరీక్షలకు చదువుకొను యువకులు విశ్వము వయస్సును ఒక బిట్టుగా వల్లించుచుందురు: 1380 కోట్ల సంవత్సరములు. అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో ఈ సంఖ్య జనాభా లెక్కలకును రాజ్యాంగ సవరణలకును నడుమ, రంగు పెన్ను గీతక్రింద అణగియుండును. నవ్వువారు నవ్వవచ్చును; నాకు మాత్రము నవ్వు రాదు. మెస్సు బిల్లును గూర్చియు, రాని నోటిఫికేషనును గూర్చియు దిగులుపడు మనస్సులో సృష్ట్యాదికి ఇంత చోటు దొరకుట సామాన్యమా?

ఐనను ఋగ్వేదము పదవ మండలములోని 129వ సూక్తము, నాసదీయమని మనము పిలుచునది, ఏ బిట్టు బ్యాంకులోనికిని ఇముడదు. ఈ సృష్టి ఎక్కడినుండి వచ్చెనని అడిగి అడిగి, తుదకు దీనిని పైనుండి కనిపెట్టుచున్నవానికైనను తెలియునో తెలియదో యని సందేహించి ఊరకుండిన ఆ ఋషి ధైర్యము నాకెప్పుడును ఆశ్చర్యకరమే. అది ఐదవ ఆప్షను; దాని నెవ్వరును అచ్చువేయరు.

నవీనుల సమాధానము వేఱు త్రోవను వచ్చినది. గెలాక్సీలు ఎంత దూరమున నున్నవో అంత వేగముగా తొలగిపోవుచున్నవని 1929లో హబుల్ చూపెను. యాంటెన్నాను ఏ దిక్కునకు త్రిప్పినను వదలక పెంజియాస్, విల్సనులను వేధించిన సన్నని రొద ఆదిమాగ్ని శేషమని 1965లో లోకమునకు తెలిసెను. అది నేడు పరమశూన్యోష్ణతకు 2.7 డిగ్రీలు మాత్రమే పైనున్నంతగా చల్లారినను, అంతరిక్షమున ప్రతి ఘన సెంటీమీటరులోను దాని కాంతికణములు నాలుగు వందలకు పైగా నేటికిని సంచరించుచున్నవి. అంతదూరము పోనేల? నారాయణగూడ హోటలులో టీకి ముందు మనయెదుట పెట్టు మంచినీళ్ల గ్లాసులోని ఉదజని కేంద్రకములు ఆ తొలిక్షణములలో పుట్టినవే. ఆమ్లజని మాత్రము బహుకాలమునకు పిదప నక్షత్రగర్భములలో పక్వమైనది.

ఇక అంతము. పురాణములు చెప్పు ప్రళయము భయంకరమైనను దయగలది: బ్రహ్మకు పగలు 432 కోట్ల సంవత్సరములు, రాత్రియు నంతే, రాత్రి గడచినంతనే మరల సృష్టి. (ఈ అంకె భూమి వయస్సగు 454 కోట్లకు చేరువగా నున్నదని పొంగిపోవువారు కలరు, కాకతాళీయమునకు అంత మర్యాద అక్కరలేదు.) 1998లో బయలుపడిన సంగతిలో అట్టి దయ కానరాదు. విశ్వవ్యాకోచము మందగించుటకు మారుగా నానాటికి త్వరపడుచున్నది. ఇట్లే సాగినచో, 10,000 కోట్ల యేండ్లు దాటిన పిమ్మట దూరపు గెలాక్సీలన్నియు చూపుమేర దాటిపోవును, ఆదిమకాంతి గ్రహింపరానంత క్షీణించును. అప్పటి ఖగోళజ్ఞుడు ఎంతటి ప్రతిభాశాలియైనను, తానున్న ఒక్క గెలాక్సీయే సమస్తమనియు, అది అనాదియనియు తలంచును. అతని తర్కమున దోషముండదు, సాక్ష్యమే మిగిలియుండదు. నక్షత్రములు ఒక్కటొక్కటిగా ఆరిపోవుటకంటె నన్ను కలంచునది యిదియే: విశ్వము మరణింపకముందే తన జన్మమును మరచిపోవును.

సాక్ష్యము ఇంకను చదువవచ్చిన కాలమున పుట్టినవారికి, చదివినది వ్రాసిపెట్టుట ఋణము. ఆ ఋణములో ఈ నగరము తన వంతు తీర్చినది. 1901లో నవాబు జఫర్ జంగు నెలకొల్పిన నిజామియా వేధశాల, పిదప బేగంపేటకు చేరి, ఆకాశమునంతయు పటములకెక్కింప నానాదేశముల వేధశాలలు పంచుకొన్న మహాకార్యమున దక్షిణ క్రాంతి 17 మొదలు 23 డిగ్రీల వఱకు గల పట్టీని పూని, గాజుపలకలపై ఛాయాచిత్రములు తీసి, దశాబ్దములపాటు కన్నులు కాయలు కాయునట్లు కొలిచి, లక్షల నక్షత్రముల స్థానములను గ్రంథస్థము చేసెను. కొలిచినవారి పేర్లు ఏ బిట్టులోను రావు. ఆకాశపటపు ఆ పాత కొలతలను హిపార్కస్ ఉపగ్రహము పంపిన కొలతలతో సరిచూచి, నక్షత్రములు ఎటు కదలుచున్నవో లెక్కగట్టిన టైకో-2 పట్టిక 2000లో వెలువడినది.