నేనొక్కణ్ణే చేశానంటే ఎలా అండి?

ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలకి ఇంట్లో, కాలేజీలో, కోచింగ్ సెంటర్లో అందరూ రెండు ముక్కలు చెప్తారు. బాగా ప్రిపేరవ్వు అంటారు. అక్కడికెళ్లాక మాత్రం నీలా నువ్వుండు అంటారు. ఈ రెండోది నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ముక్కూ మొహం తెలియని ముగ్గురు బల్లకి అటువైపు కూర్చుంటారు, ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్న జీతం వాళ్ల చేతిలో ఉంటుంది. అలాంటి చోట ఎవరైనా తమలా తాము ఎలా ఉంటారు? ఉండక్కర్లేదు కూడా. పరాయివాళ్ల ముందు కాస్త సర్దుకుని కూర్చోవడం అబద్ధమేమీ కాదు. నన్ను వేధించేది అది కాదు, మొదటి ప్రశ్న. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్."

ఇరవయ్యేళ్లు "సొంత డబ్బా కొట్టుకోకు" అని పెంచిన పిల్లల్ని ఫైనల్ ఇయర్లో ఓ గదిలోకి పిలిచి, రెండు నిమిషాలు ఆగకుండా అదే కొట్టమంటాం. కర్ణపర్వంలో అన్నగారిని నిందించిన పాపానికి అర్జునుడు ప్రాణం తీసుకోబోతే, నిన్ను నువ్వే పొగుడుకో, చచ్చినదానితో సమానం అంటాడు కృష్ణుడు. ఆ కథ విననివాళ్లు కూడా ఆ తీర్పు కిందే పెరిగారు. పనిమంతుడు మాట్లాడడనీ, నిండుకుండ తొణకదనీ. ఇది నేను ఒప్పుకోను. తొణకని కుండలన్నీ నిండువేం కావు. నేను చూసిన మంచి మెకానిక్కులు, మంచి నర్సులు, మంచి మేస్త్రీలు అడిగితే గంటలకొద్దీ చెప్తారు. అయితే వాళ్లు చెప్పేది తమ గురించి కాదు, పని గురించి. ఈ తేడా చిన్నదా పెద్దదా అన్నదే నా అనుమానం. అది ఒక కుర్రాడి వల్ల మొదలైంది.

భీమవరం వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో క్యాంపస్ సెలక్షన్ల ముందు మాక్ ఇంటర్వ్యూలకి నన్ను పిలుస్తుంటారు. పిల్లలు వరసగా వస్తారు. అందరూ "మైసెల్ఫ్" అని మొదలుపెడతారు. అందరూ హార్డ్ వర్కర్లే, అందరూ క్విక్ లెర్నర్లే. బలహీనత ఏమిటని అడిగితే, చేపట్టిన పని పూర్తయ్యేదాకా నిద్రపట్టదంటారు. ఆ రోజు ఈసీఈ కుర్రాడొకడు వచ్చాడు. చొక్కా కొత్తది, కాలర్ కింద అట్టముక్క ఇంకా తీయలేదు. అప్పజెప్పుతూ అప్పజెప్పుతూ మధ్యలో ఆగిపోయాడు. మళ్లీ పేరు దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. సరిగ్గా అక్కడే మళ్లీ ఆగాడు.

"అది వదిలేయ్ నాన్నా. సెలవుల్లో ఇంటికెళ్తే ఏం చేస్తావు?" అని తెలుగులో అడిగాను.

"చెరువు మీద ఉంటానండి."

రొయ్యల చెరువు. అక్కడ పనేం ఉంటుందని అడిగితే నెమ్మదిగా మొదలుపెట్టాడు. మేత వేశాక చెక్‌ట్రే ఎత్తి చూస్తారట, మేత మిగిలి ఉంటే తర్వాతి పూటకి తగ్గిస్తారట. అసలు భయం తెల్లవారుజామున. పగలు ఎండకి నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదే పీల్చుకుంటుంది. అందుకని సూర్యుడు పొడిచే ముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి. జనరేటర్ వేయడం ఆలస్యమైతే రొయ్య పైకి తేలుతుంది. ఇక ఆ పంట మీద ఆశ ఉండదు. కాపలా ఉన్న మనిషికి ఒక్క కునుకు పడితే చాలు. "అందుకని కరెంటు పోగానే మోగేలా ఒకటి కట్టామండి" అన్నాడు. ఒక రిలే, ఒక బ్యాటరీ, పాత బండి హారన్. కరెంటు ఉన్నంతసేపూ రిలే పట్టుకుని ఉంటుంది, పోగానే వదిలేస్తుంది, హారన్ మోగుతుంది. చేతులతో గాల్లో సర్క్యూట్ గీస్తున్నాడు. ఇందాకటి తడబాటు ఎక్కడా లేదు.

నా పక్కన కూర్చున్న ట్రైనర్ ఉత్సాహంగా ముందుకు వంగాడు. "ఇది కదా నువ్వు చెప్పాల్సింది! కట్టామండి ఏమిటి? నేను డిజైన్ చేశాను అను. ఐ డిజైన్డ్ ఎ పవర్ ఫెయిల్యూర్ అలారం. ఏదీ, అను."

కుర్రాడు అనలేదు. కాసేపాగి, "నాన్న కూడా రాత్రుళ్లు కూర్చున్నారండి. హారన్ ఆయన బండిదే. నేనొక్కణ్ణే చేశానంటే ఎలా అండి?" అన్నాడు.

ట్రైనర్ చెప్పింది తప్పా? కాదు. కంపెనీ తీసుకునేది ఒక్కణ్ణి, నాన్నని కాదు. వాడి వంతు ఎంతో తెలుసుకోవడం వాళ్ల హక్కు. పైగా "మేం చేశాం" అన్నది సోమరులకి మంచి చాటు. నలుగురి ప్రాజెక్టు బ్యాచిలో ఒకడు పనిచేస్తాడు, నలుగురూ "మేం" అంటారు. అమీర్‌పేటలో డబ్బిచ్చి తెచ్చుకున్న ప్రాజెక్టు గురించి కూడా ధీమాగా మాట్లాడేవాళ్లున్నారు. కాబట్టి ఇంటర్వ్యూలో "నీ పనేంటి" అని గుచ్చి అడగాల్సిందే. ఇక్కడిదాకా నేను ట్రైనర్ పక్షమే.

కానీ ఆ కుర్రాడిది మొహమాటం కాదు. వినయం కూడా కాదు. అది లెక్క. ఎవరు ఎంత చేశారో వాడికి కచ్చితంగా తెలుసు, ఆ లెక్క చెరపమంటే చెరపలేకపోయాడు. రేపు ఆఫీసులో అందరూ కలిసి చేసిన పని మీద తన ఒక్కడి పేరు రాసుకోనివాడు ఇతనే. ఏ మేనేజరైనా పక్కన ఇలాంటివాడు ఉండాలనే కోరుకుంటాడు. అలాంటివాణ్ణి వెతకడానికే ఇంటర్వ్యూ పెట్టి, ఇంటర్వ్యూకి తయారుచేయడం పేరుతో వాడిలోని ఆ గుణాన్నే తీసేస్తున్నామా?

ఇంటర్వ్యూలే ఎత్తేస్తే పోయె అనేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర కారణాలూ ఉన్నాయి. శ్రీనగర్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ ప్రవేశాల్లో రాతపరీక్షకి 100, ఇంటర్వ్యూకి 50 మార్కులు పెట్టి, ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి తల్లిదండ్రులెవరు, ఇల్లెక్కడ అని అడిగి పంపేశారన్నది 1980లో అజయ్ హసియా కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంటర్వ్యూకి 15 శాతం మించకూడదంది కోర్టు. కేంద్రం 2016 జనవరి 1 నుంచి కిందిస్థాయి పోస్టులకి ఇంటర్వ్యూలు తీసేసింది. తెలంగాణ గ్రూప్-1లో ఇప్పుడు ఇంటర్వ్యూ లేదు. పక్షపాతానికి తలుపు మూయడం మంచిదే. సివిల్ సర్వీసుల్లో మాత్రం 2025 మార్కుల్లో 275 ఆ గదిలోనే ఇస్తారు. ప్రైవేటు కంపెనీలైతే ఇంటర్వ్యూ మానే ప్రసక్తే లేదు. నేనూ మానమనను. తెల్లవారుజామున కరెంటు పోతే ఏం చేయాలో తెలిసిన బుర్ర ఏ బిట్ పేపర్లో బయటపడుతుంది?

తప్పు ఇంటర్వ్యూది కాదేమో, ప్రశ్నది. 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు పరిశోధకులు ఉద్యోగుల ఎంపిక మీద జరిగిన 85 ఏళ్ల పరిశోధనల్ని ఒకచోట చేర్చి చూశారు. అందరినీ ఒకే రకంగా, ముందే అనుకున్న ప్రశ్నలు అడిగి మార్కులు వేసే ఇంటర్వ్యూ, నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూ కంటే పనితీరుని మెరుగ్గా పట్టిస్తుందని తేలింది. చేసి చూపించమనే పరీక్షా అలాంటిదే. "నీ గురించి చెప్పు" అంటే వచ్చేది పొగడ్తే. అడిగింది అదే కాబట్టి. పని అడిగితే పని వస్తుంది. పనిలో మనుషులూ వస్తారు.

ఆ రోజు నేను కుర్రాణ్ణి ఇంకోటి అడిగాను. ఎవరేం చేశారో విడదీసి చెప్పమన్నాను. రిలే ఆలోచన తనదట, ల్యాబ్‌లో చూసింది. వైర్లు లాగి గట్టున హారన్ బిగించింది నాన్న. వానకి తడవకుండా డబ్బా తెచ్చి పెట్టింది పక్క చెరువు మామయ్య. ఒక నిమిషం కూడా పట్టలేదు చెప్పడానికి. అందులో వాడి వంతు ఎంతో నాకూ తెలిసింది, ట్రైనర్‌కీ తెలిసింది, నాన్న వంతు ఎక్కడికీ పోలేదు. దీన్నే ఇంగ్లీషులోకి తెచ్చుకుని ప్రాక్టీస్ చేయమన్నాం. ప్రిపరేషన్ అంటే నా దృష్టిలో ఇప్పుడు ఇంతే. జవాబులు బట్టీ పట్టడం కాదు, చేసిన పనిని కూర్చుని పూసగుచ్చినట్టు గుర్తుచేసుకోవడం. మరి అసలు ఇంటర్వ్యూలో అడిగింది మళ్లీ "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనే. ఆ కంపెనీ అతన్ని తీసుకోలేదు.

అందుకే ఈ మాట పిల్లలకి కాదు, బల్లకి అటువైపు కూర్చునేవాళ్లకి చెప్తున్నాను. మీలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ మొదటి ప్రశ్న మార్చండి. నువ్వు చెయ్యి పెట్టిన పని ఒకటి చెప్పు, అందులో ఇంకెవరున్నారో, ఎవరేం చేశారో కూడా చెప్పు అని అడగండి. మొదటి అయిదు నిమిషాలు తెలుగులో చెప్పనివ్వండి. ఇంగ్లీషు ఎంత వచ్చో ఆ తర్వాత ఎలాగూ చూసుకోవచ్చు.